పురావశేష రక్షణమునకు రాజ్యవ్యయము – గోలకొండ పడమటి సీమ

గోలకొండ దుర్గమునకు ఉత్తర పశ్చిమ దిక్కులయందు మాదాపురము, రాయదుర్గము, గచ్చిబౌలి, మణికొండ, కోకాపేట మున్నగు గ్రామములు కలవు. ఇవి నేడు హైటెక్ సిటీ యనియు సైబరాబాదనియు వ్యవహారమున నున్నవి. 1998 నవంబరు 22వ తేదీన మాదాపురమున సైబర్ టవర్సు ప్రారంభింపబడినది మొదలుగా ఈ గ్రామముల పేరు వినినవారికి గణకయంత్రములును గాజుమేడలును మాత్రమే తలపునకు వచ్చుచున్నవి. 2001లో సైబరాబాదు అభివృద్ధి సంస్థ యేర్పడి, 2008లో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థయందు లీనమైనది. ఇది యంతయు నిన్న మొన్నటి ముచ్చట. అంతకు పూర్వము నాలుగు శతాబ్దుల కాలము ఈ సీమ గోలకొండకు పెరటివలె నుండెను. దుర్గము చెరువు నీరు కోటకు పారెడిదని స్థలవృద్ధుల వాడుక. 1562 ప్రాంతమున హుసేన్ సాగరమును కట్టించిన హుసేన్ షా వలీ సమాధి మణికొండ పొలిమేరలోనే కలదు. ఇంకను గొంత పడమటికి బోయినచో పటాన్‌చెరువు. ఇబ్రహీం కుతుబ్ షా కాలమున నచట నుండిన అమీన్‌ఖానునకే పొన్నెగంటి తెలగనార్యుడు తన అచ్చతెలుగు కావ్యమగు యయాతి చరిత్రమును అంకిత మొసగెను. తెలుగు పండితులకు ఈ సీమతో గల చుట్టరికము ఇట్టిది.

ఇట్టి సీమయందలి పూర్వావశేషములను నిలుపుటకు రాజ్యము ఎంత ధనము వెచ్చింపవలెను, ఆ ధనమునకు మేర యెట్లేర్పరుపవలెను అను ప్రశ్న నేటి శాసనసభలతో బుట్టినది కాదు. దీనికొక చరిత్రము కలదు. ఆ చరిత్రమును పరిశీలించినచో తేలునది యేమనగా: ఈ విషయమున లోపము తరచుగా మొత్తమునందు గాక గడువునందు గలుగుచున్నది. ఎంత యిచ్చితిరి అనుటకంటె, ఇచ్చినదానిని ఎంతకాలము వరకు వాడుకొననిచ్చితిరి అనునదే ముఖ్యము.

ఇచట శబ్దవిచారమొక్కటి అప్రస్తుతము గాదు. 'వి' అను ఉపసర్గతో గూడిన 'ఇణ్' ధాతువునకు అచ్ ప్రత్యయము చేరగా 'వ్యయ' శబ్దము సిద్ధించును. విడిపోవుట, తరలిపోవుట యని యర్థము. లింగ విభక్తి వచనములచే మార్పు నొందక నిలుచు పదమును వైయాకరణులు అవ్యయమనిరి. కోశాధికారుల శాస్త్రమున దీనికి విపరీతము కానవచ్చును. అచట అవ్యయమైన ధనము, అనగా వెచ్చింపబడక మిగిలినది, మార్చి 31వ తేదీ రాత్రితో నశించును. తెలుగునాట కచేరీలలో దీనినే 'నిధులు మురిగిపోవుట' యందురు. మాట మోటు, అయినను భావమునకు ఇంతకంటె తగినది దొరకదు.

పూర్వరాజులు ఈ చిక్కును ధనముతో గాక భూమితో దీర్చుకొనిరి. గుడికైనను, మసీదుకైనను, సమాధికైనను ఒక గ్రామపు రాబడినో, కొంత మాన్యమునో విడిచిపెట్టుటయే పద్ధతి. దీపారాధనము, సున్నపుపూత, కావలివాని జీతము ఆ రాబడినుండియే సాగెడివి. కోశాగారమునకు ఏటేట అర్జీ పెట్టుకొను పని లేదు. వానలు కురిసిన యేడు మరమ్మతు హెచ్చును, కరవు వచ్చిన యేడు తగ్గును. మేరను నిర్ణయించునది మేఘమే. ఈ పద్ధతికి దోషములు లేకపోలేదు. మాన్యము ననుభవించువాడు వేరు, కట్టడమును జూచుకొనువాడు వేరు అయినపుడు రాబడి యొకచోటను, బీటలు మఱియొకచోటను ఉండెడివి. మాన్యమెవరిది, రాజుదా, స్థలముదా, అను వివాదము తరతరములు సాగెడిది. 1949లో హైదరాబాదు రాజ్యమున జాగీరులు రద్దయి, 1952లో అతియాతు విచారణల చట్టము వచ్చిన పిమ్మటను ఆ వివాదములు చల్లారలేదు. మణికొండ జాగీరునకు జెందిన 1,654 యకరముల 32 గుంటల భూమి హుసేన్ షా వలీ దర్గాకు వక్ఫు ఆస్తియా, రాజ్యమునకు జెందినదా యను వ్యాజ్యమును సర్వోన్నత న్యాయస్థానము 2022 ఫిబ్రవరి 7వ తేదీన రాజ్యపక్షముగా దీర్చినది. అప్పటికి ఆ నేలపై సైబరాబాదు మేడలు లేచి యేండ్లు గడచినవి.

భూమి పోయి రొక్కము వచ్చినపుడు గడువు ప్రశ్న ప్రధానమైనది. ఈ పరివర్తనమునకు మధ్యకాలమున హైదరాబాదు రాజ్యము చేసిన ప్రయత్నమొకటి విశేషముగా పరిశీలింపదగినది. దానికి గర్త అక్బర్ హైదరీ. ఈయన 1869లో బొంబాయియందు జన్మించి, ఆంగ్లప్రభుత్వపు లెక్కల శాఖలో బనిచేసి, 1905లో అకౌంటెంటు జనరలు పదవికి హైదరాబాదునకు వచ్చెను. లెక్కలు వ్రాయుటలో తలపండినవాడు శిల్పములను బ్రేమించుట యరుదు. ఈయనయందు రెండును గలిసినవి. 1914లో నైజాము ప్రభుత్వము పురావస్తుశాఖను నెలకొల్పినపుడు హోం శాఖ కార్యదర్శిగా నుండి దానికి దోడ్పడెను. ఆ శాఖకు మొదటి యధ్యక్షుడు గులాం యజ్దానీ. 1943 వరకు ఆయనయే దానిని నడపెను. 1921లో హైదరీ ఆర్థికమంత్రియైన పిమ్మట శాఖల వ్యయమునకు క్రొత్త నియమమును బ్రవేశపెట్టెను.

ఆ నియమము స్వరూప మిట్టిది. ప్రతిశాఖకును ఏటేట గాక మూడేండ్ల కొకమారు మొత్తము నిర్ణయింపబడును. ఆ మూడేండ్ల నడుమ అధికముగా గోరుటకు సామాన్యముగా వీలులేదు. కాని యొక యేడు మిగిలినది ఖజానాకు దిరిగిపోదు. ఆ శాఖ పేరనే నిలిచి మఱుసటి యేటి పనికి వచ్చును. ఇది ఫసలీ 1332వ సంవత్సరమున, అనగా 1922 అక్టోబరున, అమలునకు వచ్చినది. ఒకచేత మేరను గట్టిపరచి, రెండవచేత ఆ మేరలోపల స్వేచ్ఛ నిచ్చుట దీనియందలి నేర్పు. మిగిలినచో పోవునను భయము లేనపుడు అధికారి సంవత్సరాంతమున తొందరపడి వెచ్చింపడు. మూడేండ్లకు ఇంతే వచ్చునని తెలిసినపుడు మొదటియేడే అంతయు గుమ్మరింపడు. ఇది పురావస్తుశాఖను దృష్టియందుంచుకొని చేసిన నియమము కాదు, సర్వశాఖలకు జేసినది. అయినను దీనివలన మిక్కిలి మేలు పొందదగిన శాఖ యేదియనగా, ప్రాత కట్టడములను మరమ్మతు చేయునదియే యని చెప్పవలెను.

ఎందువలననగా, సున్నపు పనికి దనదైన పంచాంగము కలదు. సున్నపురాతిని కాల్చి, నీటిలో బెక్కుదినములు నాననిచ్చి, ఇసుకతో గానుగలో నూరినగాని డంగుసున్నము కాదు. పూసిన పిమ్మట తడియారకుండ గాపాడవలెను. ఒక పొర గట్టిపడకమున్ను మఱియొక పొర పూసినచో రెండును రాలును. వానకాలమున పై పని సాగదు. కనుక తెలంగాణమునందు గోపురములపై పని చేయదగిన కాలము కార్తికము మొదలు వైశాఖము వరకు, ఇంచుమించుగా అక్టోబరు చివరనుండి మే వరకు. నైజాము రాజ్యపు ఫసలీ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన ఆరంభమయ్యెడిది. వానలు వెనుకబడిన పిమ్మట క్రొత్త లెక్క మొదలయ్యెడిది. పని కాలమంతయు ఒకే సంవత్సరమున నిమిడెడిది. ఏప్రిలు మొదలు మార్చి వరకు గల నేటి ఆర్థిక సంవత్సరమున నట్లు కాదు. ఏప్రిలు, మే మాసములు క్రొత్త మంజూరీలకై యెదురుచూచుటలో గడచును; జూను మొదలు వానలు; ధనము చేతికందు సరికి శీతకాలము; పని రక్తి కట్టునప్పటికి మార్చి. ఎండ కాయుచున్న ఏప్రిలు మాసమున తాపీలు ఖాళీగా నుండును. ఈ సంగతిని గ్రంథములలో వెదుకనక్కరలేదు, మేస్త్రీ నడిగిన జాలును.

హైదరీ కాలపు వ్యయమంతయు గుణవంతమే యనుటకు వీలులేదు. ఈ నియమమునకు బూర్వమే, 1920 మొదలు రెండు శీతకాలములయందు, అజంతా చిత్రముల రక్షణమునకై చెక్కోని, ఓర్సీని యను ఇటలీ దేశపు నిపుణులు రావింపబడిరి. వారు చెదరిన పూతను గోడకంటించి పెద్ద యుపకారము చేసిరి. కాని చిత్రములపై బూసిన లక్క వార్నీషు కాలక్రమమున పసుపు వన్నె తిరిగి, దానిని దొలగించుట తరువాతివారికి దీర్ఘకాలపు పనియైనది. ఒకతరమువారు వెచ్చించినదానిని దీయుటకు మఱియొకతరమువారు వెచ్చించుట పురావస్తు రక్షణమున బరిపాటి.

మఱియొక లోపము ఇంతకంటె బెద్దది. ఇది తెలుగువారికి దగిలినది. నైజాము పురావస్తుశాఖ అజంతా, ఎల్లోరాలకును, బీదరు, దౌలతాబాదు కట్టడములకును జేసిన సేవ శ్లాఘ్యము. తెలంగాణమున నూరూర బడియున్న తెలుగు శాసనముల సేకరణమునకు మాత్రము మొదట పూనుకొనినవారు జీతము లేని పౌరులు. 1922లో హైదరాబాదున ఆంధ్ర పరిశోధక సంఘ మేర్పడినది. 1923లో గొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు కీర్తిశేషులైన పిమ్మట అది వారి పేర లక్ష్మణరాయ పరిశోధక మండలి యైనది. ఆదిరాజు వీరభద్రరావుగారు మున్నగువారి శ్రమచే 1935లో తెలంగాణా శాసనముల మొదటి సంపుటము వెలువడినది. హైదరీ మూడేండ్ల నియమమును బెట్టిన యేడే ఈ సంఘము పుట్టుట కాకతాళీయము. కాని రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, వ్యయనియమ మెంత మంచిదైనను అది లెక్కలోని పద్దులను మాత్రమే కాపాడునని తెలియును. పద్దులో లేనిదానికి మూడేండ్లు గాదు, ముప్పదియేండ్లిచ్చినను ఫలము లేదు.

గడువు యొక్క మహిమకు వేఱొక నిదర్శనము పూనా నగరమున గలదు. భండార్కరు ప్రాచ్య పరిశోధన సంస్థ మహాభారత పరిష్కరణమును 1919లో బ్రారంభించి 1966లో ముగించెను. దేశమందలి ప్రతులన్నియు దెప్పించి, అక్షరమక్షరము సరిపోల్చి, పాఠనిర్ణయము చేయు పనికి సంవత్సరమొక క్షణము. ఆ పనికి నైజాము ప్రభుత్వము 1932 మొదలు ఏటికి వేయి రూపాయల చొప్పున పదునొకండేండ్లు ద్రవ్యసాహాయ్య మొసగినది. వేయి రూపాయలు ఆ కాలమునందును ప్రభుత్వమునకు గొప్ప మొత్తము కాదు. పదునొకండేండ్లు తప్పక వచ్చునను నమ్మకము మాత్రము గొప్పది. రేపటి జీతము తెలియని పండితుడు ప్రతులు సరిచూడజాలడు.

1950లో రాజ్యాంగము అమలునకు వచ్చినపుడు ఈ యధికారములు పంచబడినవి. జాతీయ ప్రాముఖ్యము గల కట్టడములు కేంద్రమునకును, తక్కినవి రాష్ట్రములకును జెందినవి. దీనిచే గోలకొండ కోట కేంద్ర పురావస్తుశాఖ పాలబడినది. కోటకు గూతవేటు దూరముననున్న కుతుబ్ షాహీ సమాధులు రాష్ట్రము పాలబడినవి. ఒకే రాజవంశము బ్రదికినప్పటి యిల్లు ఢిల్లీ లెక్కలోను, చనిపోయిన పిదప నున్న యిల్లు హైదరాబాదు లెక్కలోను చేరినవి. రెండు లెక్కలకును వార్షికనియమమే. ఖజానా నుండి ప్రతి రూపాయియు శాసనసభ యనుమతితోనే వెడలవలెననియు, ఆ యనుమతి ఏటితో ముగియవలెననియు గల ఈ నియమము ఊరక పుట్టినది కాదు. పన్ను గట్టువాడు ఏటేట లెక్క యడుగుటకు సంపాదించుకొన్న హక్కది. నైజాము రాజ్యమున బాధ్యతగల శాసనసభ లేకుండుటచేతనే హైదరీకి మూడేండ్ల నియమము సుకరమైనదని యాక్షేపించువారి మాటను ద్రోసివేయరాదు.

అయినను రాజ్యాంగమే ఏటికి మించిన గడువులను నెరుగును. ఐదేండ్ల కొకమారు గూర్చవలసిన ఆర్థిక సంఘము అట్టిది. 2005 మొదలు 2010 వరకు గల కాలమునకు బండ్రెండవ ఆర్థిక సంఘము రాష్ట్రములన్నిటికిని గలిపి పూర్వావశేష రక్షణమునకై 625 కోట్ల రూపాయలను వేఱుగా సిఫారసు చేసినది. 1996లో నేర్పడిన జాతీయ సంస్కృతి నిధి ధర్మనిధి రూపమున నుండుటచే, దానియందలి ధనము మార్చి నెలతో మురిగిపోదు. ఇవి గవాక్షముల వంటివి. ద్వారము మాత్రము వార్షికమే. కేంద్రప్రభుత్వపు ఆర్థిక నిబంధనావళి, సంవత్సరాంతమున ధనమును దొందరగా గుమ్మరించుట ఆర్థిక మర్యాదకు భంగమని స్పష్టముగా జెప్పుచున్నది. రోగమును బేర్కొన్నది సరియే. మిగిలినది పోవునను నియమ మట్లేయుండ, త్వరపడవలదనుట, విస్తరి యెత్తివేయుదుమని చెప్పుచు మెల్లగా భుజింపుమనుట వంటిది.

కుతుబ్ షాహీ సమాధుల చరిత్రము దీనికి సాక్ష్యము. రాయదుర్గపు మేడలపై నుండి చూచినచో ఆ గుమ్మటములు స్పష్టముగా గానవచ్చును. 106 యకరముల యావరణమున సమాధులు, మసీదులు, స్నానశాల, దిగుడుబావులు గలిపి నూటికి బైగా కట్టడములున్నవి. ఇరువదవ శతాబ్దమున నచట జరిగిన మరమ్మతులలో సిమెంటు వాడుక హెచ్చు. సిమెంటు త్వరగా గట్టిపడును, లెక్క త్వరగా ముగియును. ప్రాత సున్నపుగోడ మాత్రము లోని తేమను బయటికి విడువజాలక పొట్టులూడును. సిమెంటునకు గారణము అజ్ఞానము మాత్రమే కాదు, గడువు గూడ నని యూహింపవచ్చును. 2013 జనవరిలో రాష్ట్ర పురావస్తుశాఖ ఆగాఖాన్ సాంస్కృతిక నిధితో నొడంబడిక చేసికొనినది. టాటా ధర్మనిధులును దోడైనవి. అది మొదలు సిమెంటును ఒలిచి, డంగుసున్నమును బూయుట ఏటి లెక్కతో నిమిత్తము లేక సాగినది. ఆ యేటి వానలకే పెద్ద దిగుడుబావి గోడ యొకటి కూలెను. వార్షికపద్దు నందు అట్టి యాపదకు దావు దొరకుట కష్టము. దీర్ఘకాలపు పనిలో నదియొక యధ్యాయమైనది. బావులు పునరుద్ధరింపబడి 2022లో యునెస్కో వారి ఆసియా పసిఫిక్ పురస్కారమును బొందినవి. 2024 జూలైలో సమాధుల యుద్యానము ప్రజలకు సమర్పింపబడినది. పదునొకండేండ్ల పైచిలుకు కాలము పట్టెను. భారత పరిష్కరణమునకు నైజాము ప్రభుత్వమిచ్చిన గడువును ఇంచుమించుగా నింతియే.

ఇందులో సంతోషముతోబాటు చింతయు గలదు. రాజ్యమునకు సాధ్యము గాని గడువు ధర్మనిధికి సాధ్యమైనది. ధర్మనిధి తాను మెచ్చిన స్థలమును ఎన్నుకొనును. అందుకు దాని కధికారము గలదు. చిన్నయూరి శాసనస్తంభమును ఎన్నుకొనువారెవరు? 1935లో మండలి వారికి గల్గిన కష్టమే మఱల నిచట దలయెత్తుచున్నది.

ఇంతవరకు చెప్పినది ఇచ్చు వ్యయము. సైబరాబాదు సీమయందు దీనికంటె గొప్పది విడుచు వ్యయము. ఇచటి పూర్వావశేషములలో నత్యంత ప్రాచీనములు మనుష్యులు గట్టినవి గావు. దాదాపు 250 కోట్ల యేండ్ల వయసు గల నల్లసేనపు బండలు ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచియున్నవి. వీనికి సున్నమక్కరలేదు, కావలివాని జీతము తప్ప ఖర్చు లేదు, పగులగొట్టకున్న జాలును. హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ నిబంధనలలో 1995లో జేర్చిన పదుమూడవ నిబంధనము కట్టడములతోబాటు శిలాప్రదేశములకును రక్షణ మిచ్చెను. మాదాపురమున 'ఎలుగుబంటి ముక్కు' అను బండ, దుర్గము చెరువు గట్టు బండలు అట్టివి. 2015 డిసెంబరున ఆ నిబంధనము తొలగింపబడెను. 2017లో దెలంగాణ వారసత్వ సంపద చట్టము వచ్చెను.

బండను విడిచిపెట్టుటకు ఖర్చు లేదను మాట లెక్కల పుస్తకమున మాత్రమే నిజము. 2023 ఆగస్టులో కోకాపేటయందు 45.33 యకరములు వేలము వేయగా 3,319.60 కోట్ల రూపాయలు వచ్చినవి. యకరము సగటు వెల 73.23 కోట్లు, ఒక యకరము 100.75 కోట్లు పలికినది. పండ్రెండవ ఆర్థిక సంఘము భారతదేశమందలి రాష్ట్రములన్నిటికిని ఐదేండ్ల కాలమునకు గలిపి సిఫారసు చేసిన 625 కోట్లు ఈ వెలలో ఎనిమిదిన్నర యకరములు. నడుమ పదునెనిమిదేండ్లలో రూపాయి విలువ తగ్గినదనుట నిజమే. ఎంత తగ్గించి చూచినను పోలిక కన్నులు దెరపించును. ఇట్టి నేలపై ఒక గుట్టను నిలిపి యుంచినచో, రాజ్యము పురావస్తుశాఖ కిచ్చు ధనమును చిన్నబుచ్చునంత మొత్తమును విడుచుచున్నదన్నమాట. 2025 మార్చి తుదిలో గచ్చిబౌలి కంచె భూమి నాలుగువందల యకరములందు యంత్రములు చెట్లను గూల్చుటయు, ఏప్రిలు 3వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఆ పనిని నిలుపుటయు లోకమునకు దెలిసినవే. అచట వాదులాడినవారు చెట్లను గూర్చియు, జింకలను గూర్చియు, హక్కులను గూర్చియు బలికిరి. వేలమునుండి రాగల ధనమును వదలుకొనుట యెంతవరకు న్యాయమను ప్రశ్న వాని క్రింద నణగియుండెను.

కేంద్రప్రభుత్వము పన్నుల రాయితీలచే గోల్పోవు రాబడిని 2006-07 మొదలు తన బడ్జెటుతో బాటు లెక్కగట్టి ప్రకటించుచు వచ్చినది. రాయితీయును వ్యయమే యని దానిచే నంగీకరింపబడినది. శిలాప్రదేశములకును, చెరువు శిఖములకును, కోటల చుట్టునున్న నిషిద్ధభూములకును అట్టి పద్దు వ్రాసినచో, సంస్కృతికై రాజ్యము వెచ్చించునది నేడు చెప్పుకొనుచున్నదానికంటె జాల హెచ్చని తేలును. పద్దులో వ్రాసిన దానిని దొలగింపవలెననినచో నలుగురి యెదుట తొలగింపవలెను. వ్రాయనిదానిని రాత్రికి రాత్రి పగులగొట్టవచ్చును. 1992లో మాదాపురమున నెలకొల్పిన శిల్పారామపు గోడలోపల 'ఎలుగుబంటి ముక్కు' నిలిచినది. ఆ బండ యాక్రమించిన నేలకు నేటి వెల యెంతయో రాయదుర్గమున నెల్లరకును దెలియును. రాష్ట్రపు సంస్కృతి వ్యయమున నా వెలకు బద్దు లేదు.